నోట్లో నువ్వుగింజలు

పటంలో ఈ దీవికి పేరు లేదు,
ఈగ వాలి లేచినంత చుక్క ఉంది.
సులవేసికి తూర్పున, సముద్రంలో గుంజలు పాతి
ఇళ్లు కట్టుకున్న బజావుల దగ్గర
పదకొండు రోజులుగా
ఒక చిన్న చేప పేరు వెతుకుతున్నాను.

చిటికెన వేలిలో సగం ఉంటుంది.
ఒళ్లు తక్కువ, కన్ను ఎక్కువ.
వీపు మీద రెండు రెక్కలు, విడివిడిగా,
మాటల్లేని అన్నదమ్ముల వాటాల్లాగా.
ముందు రెక్కలో ముళ్లు ఏడా, ఆరా?
ఏడైతే ఒక పేరు. ఆరైతే ఇంకోటి.
ఆ ఏడోది ఉందనుకుంటే ఉంది.
తోక మొదట్లో మసి చుక్క
నిన్న ఉంది, ఇవాళ లేదు.
భయపడితే చెరిపేసుకుంటుందిట.
స్పిరిట్లో వేస్తే చారలు కూడా పోతాయి.
మనాడోలో మా కాలేజీ అల్మరా నిండా
ఉడికిన గుడ్డు రంగు చేపలే,
ఒక్కోదాని మెడలో ఒక లాటిన్ తాయెత్తు.

"ఎక్కడ దొరికింది" అని ఫారంలో ఒక గడి.
లోతు: నడుము దాకా.
అడుగున: ఇసుక, చచ్చిన పగడం.
నీటి వేడి: ఇరవై తొమ్మిది.
గడి నిండిపోయింది.
నల్ల సూదుల ముళ్లబంతి నడుమ
పగలల్లా దారం లేని పూసల్లా వేలాడతాయని,
కెరటం సూదుల్ని వంచితే
అంతే వంగి, అంతే లేస్తాయని,
ఒక్కటీ గీరుకోదని
ఎక్కడ రాయను?
నా మడమలో మాత్రం మూడు విరిగాయి.
జుందాంగ్ తాత నిమ్మకాయ పిండి
రాయితో మడమ మీద కొడుతూ నవ్వాడు.

పడవ ఆయనది. చెక్క కళ్లద్దాలు ఆయన చెక్కుకున్నవి.
చేపని చూపిస్తే "సెరిందింగ్" అన్నాడు.
ఇంకో రకం చూపించాను. అదీ సెరిందింగే.
మూడోది?
"తిననివాటికి ఇన్ని పేర్లెందుకు నోనా?"
కాసేపు తెడ్డు వేసి, తనే మళ్లీ అన్నాడు:
"అది గడ్డిలోది. అది పడవ నీడలోది.
ఇది ముళ్లింటిది."

పన్నెండో రోజు, పొద్దు వాలుతుండగా
ముళ్లింటిదొకటి చేతివలలో పడింది.
పాలిథిన్ సంచిలో నీళ్లతో కంటికెత్తాను.
గవదబిళ్లలు లేచిన పిల్లాడి మొహం.
అంగిట్లో పళ్లుంటే ఒక పేరు, లేకపోతే ఇంకోటి,
పుస్తకం అక్కడికొచ్చి ఆగుతుంది.
సూది ఉంది, భూతద్దం ఉంది,
నోరు తెరిపిస్తే చాలు.

తనే ఆవులించాడు.
లోపల నారింజరంగు నువ్వుగింజలు,
కళ్లొచ్చిన నువ్వుగింజలు,
ఒక్కసారి దొర్లి, పక్క మార్చుకున్నాయి.
తలుపు మూసేశాడు.

తండ్రి.
పెళ్లాం అప్పజెప్పి తన దారిన తను పోయింది.
ఎన్నాళ్లైందో వీడు మేత ముట్టి.
ముక్కు ముందు రొయ్యపిల్ల ఈదినా
మింగడానికి లేదు.

నా సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు:
నా నోట్లో నువ్వుగింజ నానదు.
అక్క దాచుకున్న ఉత్తరం గురించి
అమ్మకి చెప్పింది నేనే.
ప్రొఫెసర్ గారి రహస్యం
రేవు దాటకముందే ఊరు దాటించింది నేనే.
వీడి నోట్లో నూరు నానుతున్నాయి.

తాత ఏమీ అనలేదు.
తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
పడవ తనంతట తనే తిరిగింది.

జాలి అనుకోకండి.
కెరటం వచ్చింది, సంచి ఒరిగింది.
పట్టుకోవచ్చు.
పట్టుకోలేదు.

సూదులు కొంచెం వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాయి.
చీకటి పడుతుంటే మిగతావన్నీ మేతకు బయల్దేరాయి.
వాడొక్కడే ఇంట్లో.

పేరు గడిలో రాశాను:
"తేలలేదు. నోటి నిండా ఉన్నాయి."
ప్రొఫెసర్ గారు కొట్టేస్తారు, తెలుసు.
రేపు దవడ ఉబ్బనిదాన్ని చూసి పట్టాలి.

రేవులో దిగుతూ తాతకి మాటిచ్చాను,
వలలో పడ్డదాన్ని వదిలేశానని
ఎవరికీ చెప్పనని.

చూశారా.